రోడ్డు తడిసింది సరే, వాన పడిందా?
తర్కం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లవి. మిగతావి ఇంట్లోనో, అపార్ట్‌మెంట్ మీటింగులోనో మొదలైన వాదన తెగక రాసినవి. రెండు రకాలకూ ఇక్కడే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: "వాన పడితే రోడ్డు తడుస్తుంది. రోడ్డు తడిసింది. కాబట్టి వాన పడింది." ఇది తప్పు వాదన అని మా సార్ చెప్పారు. కానీ పొద్దున లేచి తడి రోడ్డు చూస్తే "రాత్రి వాన పడినట్టుంది" అనే కదా అనుకుంటాం! తప్పెక్కడుంది?
– పోటీ పరీక్షల అభ్యర్థి, ఖమ్మం

జవాబు: మీ సార్ చెప్పిందీ తప్పు కాదు, మీరు అనుకున్నదీ తప్పు కాదు. అవి రెండు వేర్వేరు పనులు, అంతే.

మొదటి పని, ఇచ్చిన మాటల్లోంచి ఏది తప్పకుండా తేలుతుందో చూడటం. దీన్ని నిగమన తర్కం అంటారు. "వాన పడితే రోడ్డు తడుస్తుంది" అన్న ఒక్క వాక్యం నుంచి నాలుగు వైపులకు అడుగు వేయొచ్చు. వాన పడింది, కాబట్టి తడిసింది: చెల్లుతుంది. తడవలేదు, కాబట్టి వాన పడలేదు: ఇదీ చెల్లుతుంది. తడిసింది, కాబట్టి వాన పడింది: చెల్లదు. వాన పడలేదు, కాబట్టి తడవలేదు: ఇదీ చెల్లదు. రోడ్డును తడిపేది వాన ఒక్కటే అని మొదటి వాక్యం ఎక్కడా అనలేదు. మంచినీళ్ల ట్యాంకరు కార్చుకుంటూ పోయి ఉండొచ్చు, పైపు పగిలి ఉండొచ్చు. మన తార్కికులు ఇదే సంగతిని పొగ, నిప్పులతో చెప్పారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది కానీ, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ ఏది?

రెండో పని, ఫలితాన్ని చూసి కారణాన్ని ఊహించడం. డాక్టరు, మెకానిక్, పోలీసు రోజూ చేసేది ఇదే. ఇందులో "తప్పకుండా" అన్నది ఉండదు, "బహుశా" అన్నదే ఉంటుంది. ఆ "బహుశా"ను ఎలా గట్టిపరచాలన్నదే అసలు విద్య. మన ప్రాచీన తర్కగ్రంథం న్యాయసూత్రాల్లో దీని మీద మంచి చర్చ ఉంది. ఏరు పొంగితే ఎగువన వాన పడిందని ఊహిస్తాం, దీనికి శేషవత్ అనుమానం అని పేరు (తర్కంలో అనుమానమంటే సందేహం కాదు, గుర్తును బట్టి తేల్చుకోవడం). వెంటనే ప్రతివాది లేస్తాడు: దిగువన కట్ట అడ్డుపడినా నీరు పెరుగుతుంది కదా, మరి మీ అనుమానం చెల్లుతుందా? దానికి భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన జవాబు ఇప్పటికీ పనికొస్తుంది. నీరు పెరగడం ఒక్కటే మా హేతువు కాదు. వేగం పెరిగింది, నీటి తీరు మునుపటిలా లేదు, నురగ కట్టింది, ఆకులూ పళ్లూ కట్టెలూ కొట్టుకొస్తున్నాయి. ఇవన్నీ కలిస్తేనే హేతువు.

గోదావరి ఒడ్డువాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకె నీరు ఎంత ఉందో చెబుతుంది, ఎందుకు పెరిగిందో చెప్పదు. ఎర్రనీరు దిగితేనే ఎగువన వానలు మొదలయ్యాయని ఒడ్డున ఉన్నవాడు అంటాడు. కట్ట అడ్డుపడినంత మాత్రాన ఎర్రనీరు రాదు.

మీ రోడ్డు విషయంలోనూ అంతే. పక్కింటి డాబా, బయట నిలిపిన కారు పైకప్పు, చెట్ల ఆకులు చూడండి. అవీ తడిసి ఉంటే ట్యాంకరు కథ పడిపోతుంది. పోటీగా నిలబడగల ఇంకో కారణాన్ని ముందు మీరే వెతికి, అది మిగల్చని గుర్తు ఏదో చూడాలి. పరీక్ష హాల్లో మాత్రం ఈ రెండో పని పెట్టుకోకండి. అక్కడ అడిగేది మొదటిదే.

ప్రశ్న: మా ఆడపడుచు కొడుక్కి పచ్చకామెర్లు వస్తే పసరు మందు పోయించారు. రెండు వారాల్లో తగ్గిపోయింది. ఆ ఊళ్లో అలా తగ్గినవాళ్లు పాతికమంది ఉన్నారట. "తర్వాత జరిగింది కాబట్టి దానివల్లే జరిగిందనడం తప్పు" అని మీరు రాశారు. పాతికమంది అనుభవం తప్పెలా అవుతుంది?
– గృహిణి, నంద్యాల

జవాబు: అనుభవం తప్పు కాదమ్మా. పసరు తాగారు, తగ్గింది, రెండూ నిజమే. వాటి మధ్య వేసిన "వల్ల" అన్న ముడికే ఆధారం లేదు.

ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. పసరు తాగి తగ్గినవాళ్లు, తాగినా తగ్గనివాళ్లు, తాగకుండానే తగ్గినవాళ్లు, తాగక తగ్గనివాళ్లు. మీ పాతికమంది మొదటి గడిలో ఉన్నారు. మిగతా మూడు గళ్లూ ఖాళీ. మాటవరసకు తాగిన వందమందిలో 95 మందికి, తాగని వందమందిలోనూ 95 మందికే తగ్గిందనుకోండి. అప్పుడు పసరు చేసిన పని సున్నా. అయినా ఊళ్లో "నాకు తగ్గింది" అనేవాళ్లు 95 మంది ఉంటారు. తగ్గని అయిదుగురూ పట్నం ఆస్పత్రిలోనో, అంతకన్నా దూరంలోనో ఉంటారు. సాక్ష్యం చెప్పడానికి రారు.

ఈ జబ్బులో ఆ మూడో గడి చాలా పెద్దది. కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు పిల్లల్లో చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పైగా పసరు కోసం ఎప్పుడు పరిగెత్తుతారు? కళ్లు బాగా పచ్చబడ్డాక. అంటే జబ్బు ముదిరి, ఇక దిగడమే మిగిలిన రోజుల్లో. ఆ సమయంలో ఏది ఇచ్చినా పేరు దానికే వస్తుంది.

ఇంకో చిక్కుంది. కామెర్లు ఒక జబ్బు కాదు, ఒక లక్షణం. వైరస్ వల్ల రావచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడి రావచ్చు, మద్యం వల్ల రావచ్చు, కొన్ని మందుల వల్లా రావచ్చు. వీటన్నిటినీ ఒకే మూటలో కట్టి "కామెర్లకు పసరు" అంటే, రాయి ఉన్నవాడికి విలువైన రోజులు పోతాయి. గర్భిణికి హెపటైటిస్-ఇ అయితే ప్రాణాల మీదకే రావచ్చు. కొన్ని ఆకు మందులు కాలేయాన్ని దెబ్బతీస్తాయి కూడా. ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ముందు డాక్టరుకు చూపించి రక్తంలో బిలిరుబిన్, కాలేయ పరీక్షలు, అవసరమన్నప్పుడు స్కానింగ్ చేయించండి. పసరు పోసినవాళ్లతో వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

ప్రశ్న: రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదంటారు. అలాగైతే కారణమని ఎప్పుడనాలి? సైన్సు కూడా కలిసి కనిపించడాన్నే కదా నమ్ముతుంది?
– డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మీ ఊళ్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. చిత్తడి నేలలున్నచోట చలిజ్వరం, అంటే మలేరియా, ఉంటుందని శతాబ్దాలుగా జనం చూశారు. ఆ నేలల నుంచి లేచే చెడుగాలే కారణమనుకున్నారు. చూసింది తప్పు కాదు, చిత్తడీ జ్వరమూ నిజంగానే కలిసి ఉండేవి. చిత్తడిని ఎండగడితే జ్వరాలు తగ్గేవి కూడా. సిద్ధాంతం తప్పయినా దాని మీద చేసిన పని ఫలించింది, అందుకే అది అంతకాలం బతికింది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో డాక్టర్ రొనాల్డ్ రాస్, నాలుగు రోజుల కిందట మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, దాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు చూశాడు. మలేరియా పరాన్నజీవిలో కనిపించే రేణువులే అవి.

ఇప్పుడు దీన్ని తర్కశాస్త్రం మాటల్లో పెడదాం. కలిసి కనిపించడం సహచారం. ఎక్కడా తప్పకుండా కలిసి ఉండటం వ్యాప్తి. సహచారం వ్యాప్తి అవునో కాదో తేల్చడానికి వెతకాల్సిన మూడోదాన్ని ఉపాధి అంటారు. దాని లక్షణం రెండు ముక్కల్లో ఉంటుంది: సాధ్యం (రుజువు చేయాలనుకున్నది) ఉన్న ప్రతిచోటా అది ఉండాలి, హేతువు (అందుకు చూపే కారణం) ఉన్న ప్రతిచోటా ఉండకూడదు. "నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది" అన్నదాంట్లో పచ్చికట్టె ఉపాధి. పొగ ఉన్నచోటల్లా పచ్చికట్టె ఉంది, నిప్పు ఉన్నచోటల్లా లేదు. "చిత్తడి ఉంది కాబట్టి జ్వరం ఉంది" అన్నదాంట్లో ఆ దోమ ఉపాధి. జ్వరం అంటుకునే చోటల్లా దోమ ఉంది, చిత్తడి ఉన్నచోటల్లా లేదు.

ఒక్క దోమ కడుపుతో అంతా రుజువైపోలేదని కూడా చెప్పాలి. పరాన్నజీవి దోమలోకి వెళ్తుందనీ, అక్కడ పెరుగుతుందనీ మాత్రమే ఆ రోజు తేలింది. దోమ నుంచి మళ్లీ ఒంట్లోకి ఎలా వస్తుందన్నది మిగిలింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి రాస్ ఆ చక్రాన్ని పూర్తి చేశాడు. మనుషుల విషయంలో అనాఫిలిస్ దోమే మోస్తుందని అదే 1898లో ఇటలీలో గ్రాసీ బృందం చూపించింది. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే వచ్చింది. దాని మీద వాళ్ల మధ్య నడిచిన తగవు చూస్తే, తర్కం తెలిసినవాళ్లూ తిట్లకు తక్కువ తినలేదని అర్థమవుతుంది.

అంటే సైన్సు నమ్మేది వట్టి సహచారాన్ని కాదు. ఒకదాన్ని తీసేస్తే రెండోది పోతోందా, మధ్యలోని మెట్లన్నీ కనిపిస్తున్నాయా, మూడోది ఏదైనా రెండింటినీ నడిపిస్తోందా అని అడిగాకే కారణం అంటుంది.

ప్రశ్న: ఎదుటివాడి వాదనలో హేత్వాభాస, అంటే హేతువులా కనిపించే తప్పుడు హేతువు, చూపించేశాను. ఇక అతను చెప్పిన సంగతి అబద్ధమని తేలినట్టేగా?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: తేలలేదు. "కొండ మీద నిప్పుంది, ఎందుకంటే కొండ మన తెలివికి అందే వస్తువు కాబట్టి" అన్నది పనికిమాలిన హేతువు. చెరువూ తెలివికి అందే వస్తువే, అందులో నిప్పు లేదు. అయినా కొండ మీద నిప్పు ఉండనే ఉండొచ్చు. మీరు పడగొట్టింది ఆ హేతువును ఒక్కదాన్నే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మార్చాలని కొందరు, వద్దని కొందరు. మూడు మీటింగులు అరుపులతోనే ముగిశాయి. వాదనను ఒక పద్ధతిలో పెట్టే మార్గం ఉందా?
– అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, విశాఖపట్నం

జవాబు: ఉంది, చాలా పాతది. అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో చెప్పిన అయిదు అవయవాల, అంటే అయిదు భాగాల, వాక్యం. ఆయన 17వ శతాబ్దపు తెలుగువాడు. "కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు అయిపోతాడా" అన్న సామెత ఆయన మీదే పుట్టింది. పిల్లలకు సులువుగా బోధపడాలని రాశానని ఆయనే చెప్పుకున్నాడు కాబట్టి మీటింగుకు తీసుకెళ్లడానికి మొహమాటం అక్కర్లేదు.

మార్చాలనేవాళ్లను అయిదు వాక్యాలు బోర్డు మీద రాయమనండి.

ప్రతిజ్ఞ: మన లిఫ్టు మార్చాలి.
హేతువు: పదిహేనేళ్లు దాటింది కాబట్టి.
ఉదాహరణ: పదిహేనేళ్లు దాటిన ప్రతి లిఫ్టునూ మార్చాల్సిందే, ఫలానా బ్లాకులో మార్చినట్టు.
ఉపనయం: మనదీ అలాంటిదే.
నిగమనం: కాబట్టి మార్చాలి.

మామూలుగా మాట్లాడేటప్పుడు మొదటి రెండే పైకి వస్తాయి. గొడవంతా మూడోదాంట్లో దాక్కుని ఉంటుంది. "పదిహేనేళ్లు దాటిన ప్రతి లిఫ్టునూ" అని రాసేసరికి రాసినవాడే ఆగుతాడు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు మూడు అవయవాలే చాలన్నారు. వాళ్లు కూడా ఉదాహరణను వదల్లేదు, గమనించండి.

ఇప్పుడు ఆ హేతువును అయిదు రకాలుగా కొట్టి చూడాలి. ఇరవై ఏళ్లయినా భద్రంగా తిరుగుతున్న లిఫ్టు ఒక్కటి చూపిస్తే హేతువు సవ్యభిచారం, అంటే హేతువు ఉన్నా సాధ్యం లేదు. కాగితాలు తీస్తే బిగించి పదకొండేళ్లే అని తేలితే అసిద్ధం, హేతువే అక్కడ లేదు. "వారంటీ ఇంకా ఉంది కాబట్టి మన డబ్బుతో మార్చేద్దాం" అంటే విరుద్ధం, ఆ హేతువు చెప్పేది సరిగ్గా దానికి ఎదురు. తనిఖీ చేసినవాళ్లు అన్ని భాగాలూ బాగున్నాయని రాసిచ్చి ఉంటే బాధితం. అటువైపు కూడా అంతే బరువున్న హేతువు ఉంటే సత్ప్రతిపక్షం. అక్కడ అరిచి లాభం లేదు, ఇరుపక్షాలకూ లేని కొత్త ఆధారం కావాలి.

మీ కేసు చివరికి వచ్చి ఆగేది అక్కడే అని మా అంచనా. అందుకే వయసును పక్కన పెట్టి స్టీలు తాళ్లు, బ్రేకు, తలుపు లాకు, కంట్రోల్ ప్యానెల్ నాలుగింటికీ విడివిడిగా నివేదిక రాయించండి. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం వస్తే హేతువు దానంతట అదే మారుతుంది.

ఒక్క మాట మాత్రం ఎవరూ అనకుండా చూసుకోండి: "ఇప్పటికే రిపేర్లకు లక్షలు పోశాం, ఇప్పుడు మారిస్తే అదంతా బూడిదలో పోసిన పన్నీరేగా!" పోసిన పన్నీరు లిఫ్టు మార్చినా తిరిగి రాదు, మార్చకపోయినా రాదు. చూడాల్సింది ఇకమీదట రిపేరుకు ఎంత, కొత్తదానికి ఎంత అన్నదే.

ప్రశ్న: మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "మా ఊరి రోడ్లు గుంతలమయం" అని రాస్తే, బాబాయి "మీవాళ్ల హయాంలో బాగున్నాయా?" అంటారు. మావయ్య "అమెరికాలో కూర్చుని నీకెందుకురా" అంటారు. ఇంకొకాయన "అంటే ఊరు వదిలేసి అందరూ పారిపోవాలా?" అంటారు. ఏమని జవాబివ్వాలి?
– పాఠకుడు, డాలస్

జవాబు: ముగ్గురూ మూడు వేర్వేరు పనులు చేస్తున్నారు, కాబట్టి ఒకే జవాబు పనికిరాదు.

బాబాయిగారిది మతానుజ్ఞ. వాదంలో ఓడినట్టు లెక్కగట్టే 22 నిగ్రహస్థానాల్లో ఇదొకటి. తన పక్షం మీద చూపిన దోషాన్ని తొలగించకుండా "నీ పక్షంలోనూ ఉందిగా" అనడం. అలా అన్నవాడు తన దోషాన్ని ఒప్పుకున్నట్టే. ఆయన్ని ఎదిరించక్కర్లేదు. "అప్పుడూ బాగాలేవు బాబాయ్, సరే. ఇప్పుడు బాగున్నాయా?" అని అడగండి చాలు. అయితే మీరు రాసింది "ఈ ప్రభుత్వం వచ్చాకే రోడ్లు పాడయ్యాయి" అని గనక అయితే, ఆయన ప్రశ్న నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. మునుపటితో పోల్చకుండా ఆ మాట నిలవదు. మీ మెసేజ్ మరోసారి చదువుకోండి.

మావయ్యగారు మనిషిని పట్టుకున్నారు. ఎల్లవేళలా ఇది తప్పు కాదు. మీ మాట తప్ప వేరే ఆధారం లేనప్పుడు, మీరు చూశారా, ఎప్పుడు చూశారు అని అడిగే హక్కు ఆయనకుంది. నమ్మదగినవాడి మాటే శబ్దప్రమాణం కదా. ఈ వారం తీసిన గుంత ఫోటో మీరు పెట్టి ఉంటే, మీరు డాలస్‌లో ఉన్నా దోర్నాలలో ఉన్నా గుంత లోతు మారదు. ఫోటో పెట్టండి.

మూడో ఆయనది ఛలం. మీరన్న మాటకు మీరు అనని అర్థం తగిలించి, దాన్ని కొట్టడం. కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి చూపి "నవకంబలుడు" అంటే ("నవ" అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ అర్థం), "తొమ్మిది కంబళ్లు ఏవి, ఒకటేగా ఉంది" అని ఎగతాళి చేసినవాడి కథ మన తర్కశాస్త్రంలో ఉంది. జవాబులో ఆయన వాక్యాన్ని మళ్లీ రాయకండి, రాస్తే చర్చ దాని మీదకే పోతుంది. "నేనన్నది బస్టాండు నుంచి చెరువుకట్ట దాకా రోడ్డు గురించి" అని మీ వాక్యాన్నే ఇంకా చిన్నది చేసి రాయండి.

ఇంత చేసినా తన పక్షమేదో చెప్పకుండా మీ ప్రతి మాటనూ ఖండిస్తూనే ఉన్నవాళ్లది వితండ. "మీరేమంటారు, రోడ్డు వేయాలా వద్దా?" అని ఒక్కసారి అడగండి. దానికీ జవాబు రాకపోతే గ్రూపును మ్యూట్‌లో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: "కొందరు టీచర్లు రచయితలు. కొందరు రచయితలు గాయకులు." తీర్మానం 1: కొందరు టీచర్లు గాయకులు. తీర్మానం 2: ఏ టీచరూ గాయకుడు కాదు. రెండూ చెల్లవని పెట్టాను, తప్పన్నారు!
– బ్యాంకు పరీక్షల అభ్యర్థి, అనంతపురం

జవాబు: విడివిడిగా చూస్తే రెండూ చెల్లవు, అంతవరకు మీరు కరెక్టే. రచయితల వలయంలో ఎడమ అంచున టీచర్లు, కుడి అంచున గాయకులు ఉండి, ఆ రెండూ తాకకపోవచ్చు. కాబట్టి మొదటిది తప్పనిసరి కాదు. తాకనూవచ్చు, కాబట్టి రెండోదీ తప్పనిసరి కాదు. రెండు వాక్యాలనూ కలిపే పదం, ఇక్కడ "రచయితలు", ఒక్కసారైనా పూర్తిగా, అంటే "అందరు రచయితలూ" అనో "ఏ రచయితా కాదు" అనో రావాలి. "అందరు రచయితలూ గాయకులే" అని ఉంటే మొదటి తీర్మానం ఖాయం.

అయితే ఈ రెండు తీర్మానాలూ ఒకే జత మీద ఉన్నాయి: టీచర్లు, గాయకులు. ఒకటి "కొందరు అవును", ఇంకోటి "ఎవరూ కాదు". ఈ రెండింటిలో ఏదో ఒకటి నిజమై తీరాలి, మూడో దారి లేదు. అందుకే జవాబు "1 లేదా 2". ఈ ఆప్షన్ పెట్టేముందు మూడు చూసుకోండి: రెండు తీర్మానాల్లోనూ పదాలు అవేనా, విడివిడిగా రెండూ తేలనివేనా, ఒకటి "కొందరు అవును", ఇంకోటి "ఎవరూ కాదు" అన్న జతేనా. "కొందరు అవును", "కొందరు కాదు" జత వచ్చినా తడబడొద్దు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు గానీ, రెండూ ఒకేసారి అబద్ధం కాలేవు, కాబట్టి అక్కడా "1 లేదా 2" పడుతుంది. "అందరూ అవును", "ఎవరూ కాదు" జతకు మాత్రం పడదు, మధ్యలో "కొందరే" అన్న దారి ఉంది.

వాక్యాన్ని తిప్పడంలోనూ మార్కులు పోతాయి. "కొన్ని అవును", "ఏవీ కాదు" రెండూ అలాగే తిరగబడతాయి. "అన్నీ" తిప్పితే "కొన్ని" అవుతుంది: మామిడిపళ్లన్నీ పళ్లే, కాబట్టి కొన్ని పళ్లు మామిడిపళ్లు. "కొన్ని కావు" అసలు తిరగదు. కొన్ని పళ్లు మామిడిపళ్లు కావు అన్నది నిజమే, దాన్ని తిప్పి "కొన్ని మామిడిపళ్లు పళ్లు కావు" అని చదివి చూడండి.